లెక్కకు రాని డోసు

బిడ్డకు తొమ్మిది నెలలు నిండగానే ఏఎన్ఎం కుడి జబ్బకు ఒక సూది వేస్తుంది. అది తట్టు, రుబెల్లా టీకా. టీకాల కార్డులో ఆ గడిలో తేదీ పడుతుంది. కొన్నేళ్లకు ఆ కుటుంబం టెక్సాస్‌లోని ఫ్రిస్కోకో ఇర్వింగ్‌కో వెళ్లి పాపను కిండర్‌గార్టెన్‌లో చేర్చబోతే, బడి నర్సు కార్డంతా చూసి సరిగ్గా ఆ తేదీ దగ్గర ఆగుతుంది. అక్కడి నిబంధన ప్రకారం మొదటి పుట్టినరోజు నాడు గాని, ఆ తర్వాత గాని వేసిన తట్టు టీకానే లెక్క. తొమ్మిదో నెలలో వేసింది లెక్కకు రాదు. పుట్టినప్పటి నుంచి ఒక్క టీకా తప్పకుండా వేయించుకొచ్చిన తల్లిదండ్రులకు ఈ మాట గుచ్చుకుంటుంది. మన టీకా నాసిరకమా? మన డాక్టర్లకు తెలియలేదా? మనమంటే అక్కడివాళ్లకు చులకనా?

ఈ మూడింటిలో ఏదీ కాదు. ఏ దేశమైనా తన గాలిలో, నీళ్లలో ఏ జబ్బు ఎంత దగ్గరగా ఉందో చూసుకునే టీకాల పట్టిక రాసుకుంటుంది. అందుకే దేశం మారితే పట్టిక మారుతుంది. బిడ్డ ఒంట్లో కుదురుకున్న రక్షణ మాత్రం విమానం ఎక్కినంత మాత్రాన పోదు. ఈ రెండు విషయాలూ విడివిడిగా అర్థమైతే బడి నర్సు అడిగే ప్రతి ప్రశ్నకూ కారణం కనిపిస్తుంది.

ముందు ఆ తొమ్మిదో నెల సంగతే చూద్దాం. తట్టు టీకాలో ఉండేది బలం తగ్గించిన, ప్రాణమున్న వైరస్. అది ఒంట్లో కొద్దిగానైనా పెరిగితేనే రోగనిరోధక వ్యవస్థ దాన్ని పసిగట్టి గుర్తుపెట్టుకుంటుంది. అలా పెరగకుండా అడ్డుపడేవి తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే. ఆమెకు చిన్నప్పుడు తట్టు వచ్చి ఉన్నా, టీకా పడి ఉన్నా అవి ఆమె రక్తంలో ఉంటాయి. గర్భం చివరి నెలల్లో మాయ దాటి బిడ్డకు చేరతాయి. పుట్టిన తొలి నెలల్లో బిడ్డను తట్టు నుంచి కాపాడేవి అవే. టీకాతో వచ్చిన వైరస్‌ను తుడిచిపెట్టేసేవీ అవే. నెలలు గడిచేకొద్దీ అవి తరిగిపోతాయి, టీకాకు దారి తెరుచుకుంటుంది. తొమ్మిది నెలలకు వేస్తే నూటికి సుమారు 85 మంది పిల్లల్లో రక్షణ ఏర్పడుతుంది. పన్నెండు నెలలకు వేస్తే సుమారు 95 మందిలో.

అలాంటప్పుడు మనమూ పన్నెండు నెలల దాకా ఆగవచ్చు కదా అనిపిస్తుంది. కానీ తట్టు ఆగదు. ఎవరికీ రక్షణ లేని చోట ఒక్క రోగి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా వైరస్ ఆ గాలిలో ఉంటుంది. పసిపిల్లలకు సోకితే న్యుమోనియాకో మెదడు వాపుకో దారితీసి ప్రాణం తీయగలదు. తల్లి ఇచ్చిన రక్షణ కరిగిపోయిన బిడ్డను ఏ అండా లేకుండా మూడు నెలలు ఉంచడం కంటే, నూటికి 85 మందిని ఇప్పుడే కాపాడి, మిగిలినవాళ్లను 16–24 నెలల మధ్య వేసే రెండో డోసుతో అందుకోవడం మేలని మన దేశం నిర్ణయించుకుంది. అమెరికాలో 2000లోనే తట్టు నిర్మూలన జరిగినట్టు ప్రకటించారు. ఇరుగుపొరుగున తట్టు ఉండే అవకాశం తక్కువ గనుక, కొన్నాళ్లు ఆగి 95 మందిని కాపాడుకోవడం వాళ్లకు లాభం. శాస్త్రం రెండు చోట్లా ఒక్కటే, జబ్బు ఎంత దూరంలో ఉందన్న లెక్కే వేరు.

దీనికి గట్టి రుజువు ఎదురు ప్రయాణంలో దొరుకుతుంది. డాలస్‌లో పుట్టిన ఏడు నెలల బాబును అమ్మమ్మకు చూపించడానికి విజయవాడ తీసుకొస్తున్నారనుకోండి. డాలస్‌లోని పిల్లల డాక్టరు బయల్దేరే ముందే తట్టుకు రక్షణ ఇచ్చే ఎంఎంఆర్ టీకా వేయించుకోమంటారు. ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలు విదేశాలకు వెళ్తుంటే ముందస్తుగా ఒక డోసు వేయాలన్నది అమెరికా నిబంధనే. ఆ డోసు కూడా లెక్కకు రాదు. తిరిగి వెళ్లి ఏడాది నిండాక మళ్లీ రెండు వేయించాల్సిందే. అమెరికా డాక్టరు అమెరికాలోనే వేసిన డోసును కూడా అమెరికా బడి లెక్కలోకి తీసుకోదు. ఆ టీకా ఏ దేశంలో పడిందన్న పేచీ ఇందులో ఎక్కడా లేదు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. వీసా పనుల్లో ఉన్న కొందరు తల్లిదండ్రులు ‘ఎలాగూ అక్కడ చెల్లదు కదా, తొమ్మిదో నెలది మానేసి అక్కడికి వెళ్లాకే వేయిద్దాం’ అనుకుంటారు. దయచేసి అలా చేయవద్దు. బిడ్డ ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఇక్కడి గాలే పీలుస్తుంది. కాగితం మీద లెక్కకు రాని ఆ డోసు ఒంట్లో తన పని తాను చేస్తూనే ఉంటుంది.

నర్సు పట్టుదలకూ కారణం ఉంది. 2025 జనవరిలో టెక్సాస్ పడమటి భాగంలోని గెయిన్స్ కౌంటీలో మొదలైన తట్టు, ఆగస్టులో ఆగిందని ప్రకటించేసరికి ఆ రాష్ట్రంలో 762 మందికి సోకింది. టీకా పడని ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు. అదే ఏడాది నవంబరులో కెనడా తన తట్టు నిర్మూలన హోదాను పోగొట్టుకుంది. తట్టు మన వైపే ఉంటుంది, ఆ దేశాల్లో ఉండదు అనుకునే రోజులు పోయాయి.

సర్కారు టీకాల మీద పెరిగిన పిల్లలకు ఇంకో చిన్న లోటు ఉంటుంది. 2017 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రచారోద్యమంగా మొదలై ఆ తర్వాత పట్టికలో చేరిన ఎంఆర్ టీకాలో తట్టు, రుబెల్లా ఉన్నాయి, గవదబిళ్లలు లేవు. అమెరికా బడి అడిగేది మూడూ ఉన్న ఎంఎంఆర్, రెండు డోసులు. ఏడాది దాటాక వేసిన రెండో ఎంఆర్ తట్టుకు ఒక డోసుగా పనికొస్తుంది, గవదబిళ్లలకు మాత్రం మొదటి నుంచి మొదలుపెట్టాలి. ప్రైవేటులో పిల్లల డాక్టర్ల సంఘం పట్టిక ప్రకారం 9 నెలలకు, 15 నెలలకు, మళ్లీ 4–6 ఏళ్ల మధ్య ఎంఎంఆర్ వేయించుకున్న పిల్లలకు చివరి రెండూ సరిపోతాయి. ఆటలమ్మ టీకా, హెపటైటిస్-ఎ టీకా కూడా అంతే. సర్కారు పట్టికలో లేవు, ప్రైవేటులో వేస్తారు, టెక్సాస్ బడి రెండేసి డోసులు అడుగుతుంది.

ఇక పోలియో. దీని కథ అన్నిటికంటే ఆశ్చర్యకరమైనది. 2011 జనవరిలో హౌరా జిల్లా పాపకు వచ్చిన పోలియోనే మన దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు. 2014 మార్చిలో పోలియో రహిత గుర్తింపు వచ్చింది. ఈ విజయం సాధించిపెట్టిన రెండు చుక్కల మందునే అమెరికా రికార్డుల్లో పక్కన పెడతారని తెలిస్తే ఎవరికైనా బాధ కలుగుతుంది. ఏం జరిగిందంటే, పోలియో వైరస్‌లో 1, 2, 3 అని మూడు రకాలున్నాయి. రెండో రకం సహజ వైరస్ చివరిగా కనిపించింది 1999లో, అలీగఢ్‌లో. అది పోయాక కూడా చుక్కల మందులో బలహీనపరచిన రెండో రకం వైరస్ ఉంటూ వచ్చింది. టీకాలు సరిగా పడని చోట్ల అది ఒకరి నుంచి ఒకరికి పాకుతూ, మారుతూ, మళ్లీ కాళ్లు చచ్చుబడేసే శక్తిని తెచ్చుకోగలదు. అందుకే 2016 ఏప్రిల్‌లో ప్రపంచమంతా చుక్కల మందులోంచి రెండో రకాన్ని తీసేశారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు రెండో రకం నుంచి రక్షణ ఇచ్చేది పోలియో సూదిమందు ఒక్కటే.

ఈ మాట హైదరాబాద్‌కు కొత్త కాదు. 2016లో నగరంలో మురుగునీటి నమూనాలో రెండో రకం టీకా వైరస్ మారిన రూపంలో దొరికింది. ఒక్క బిడ్డకూ పోలియో రాలేదు. అయినా ఆ జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు సూదిమందు వేశారు. మామూలు డోసు అర మిల్లీలీటరైతే అందులో అయిదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు, చర్మం పొరల్లోకే ఎక్కించారు. చర్మంలో రోగనిరోధక కణాలు దట్టంగా ఉంటాయి గనుక కొద్ది మందుతోనే మంచి స్పందన వస్తుంది. మన పట్టికలో ఇప్పుడు 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు వేసేది అదే.

అమెరికా 2000 నుంచి సూదిమందు మాత్రమే వాడుతోంది, మూడు రకాలకూ రక్షణ ఉండాలంటుంది. అందుకని 2016 ఏప్రిల్ 1 నుంచి వేసిన చుక్కల మందును లెక్కించదు. అతి జాగ్రత్త అనిపించవచ్చు. కానీ 2022లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ కౌంటీలో టీకా వేయించుకోని ఒక యువకుడికి పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడ్డాయి. అది టీకా నుంచి మారిన రెండో రకం వైరస్సే. కాబట్టి మన పిల్లలకు అక్కడ సూదిమందు మళ్లీ వేస్తారు, చివరి డోసు నాలుగేళ్లు దాటాకే వేస్తారు. చుక్కల మందు పేగుల్లో ఇచ్చిన రక్షణ వృథా కాదు. ఈ కొత్త డోసులు దానికి తోడవుతాయి.

ఇల్లు మారే హడావుడిలో టీకాలు వెనకపడటం మామూలే. అప్పుడు తల్లిదండ్రులను పీడించే భయం ఒకటుంది: ‘మధ్యలో ఏడాది గ్యాప్ వచ్చింది, మళ్లీ మొదటి నుంచి వేయించాలా?’ అక్కర్లేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కొనసాగించాలి. మొదటి డోసు పడగానే లింఫ్ గ్రంథుల్లో బి-కణాలు ఆ పదార్థానికి తగినట్టు మారడం మొదలుపెడతాయి. గట్టిగా అతుక్కోగల యాంటీబాడీలు చేసే కణాలు నిలుస్తాయి, మిగతావి రాలిపోతాయి. ఈ వడపోత వారాలు, నెలల తరబడి సాగుతుంది. అందులో నెగ్గినవి జ్ఞాపక కణాలుగా ఏళ్లపాటు ఉంటాయి. తర్వాతి డోసు ఆలస్యంగా వచ్చినా అవి అందుకుంటాయి. తొందరగా వస్తేనే చిక్కు, ఎందుకంటే వడపోత ఇంకా పూర్తి కాలేదు. ఆలస్యం వల్ల టీకాకు నష్టం లేదు, ఆ ఆలస్యంలో బిడ్డకు జబ్బు సోకే ప్రమాదం మాత్రం ఉంది.

మన కార్డులో చాలామంది గమనించని ఒక పేచీ ఇక్కడే ఉంది. హెపటైటిస్-బి టీకా మన దగ్గర పుట్టిన 24 గంటల్లోపు ఒకటి, తర్వాత పెంటావాలెంట్‌లో భాగంగా 6, 10, 14 వారాలకు మూడు పడతాయి. మొత్తం నాలుగు. అమెరికా అడిగేది మూడే. అయినా సరిపోదంటారు. చివరి డోసు బిడ్డకు కనీసం 24 వారాల వయసు నిండాక పడాలన్నది వాళ్ల నియమం, మనది 14 వారాలకే ముగుస్తుంది. మన పట్టికకూ కారణముంది. తల్లీబిడ్డా పీహెచ్‌సీకి వచ్చే తొలి నెలల్లోనే అన్నీ పూర్తిచేస్తే మధ్యలో మానేసేవాళ్లు తగ్గుతారు. ఆలస్యంగా పడిన చివరి డోసుకు యాంటీబాడీలు బాగా పెరుగుతాయి, అమెరికా దాన్ని కోరుకుంటుంది. ఒక డోసు మళ్లీ వేయిస్తే తీరిపోతుంది. లేదా రక్తపరీక్షలో యాంటీబాడీలు ఉన్నాయని తేలినా టెక్సాస్ బడి ఒప్పుకుంటుంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ, హెపటైటిస్-ఎలకూ ఈ దారి ఉంది.

ఎక్కువ డోసులు పడితే ప్రమాదమా? చాలా టీకాల విషయంలో కాదు. ఇప్పటికే రక్షణ ఉన్న బిడ్డకు ఇంకో ఎంఎంఆర్ పడితే ఒంట్లో ఉన్న యాంటీబాడీలే దాన్ని అణిచేస్తాయి. ధనుర్వాతం, కంఠసర్పి టీకాలు మాత్రం మరీ దగ్గర దగ్గరగా ఎక్కువసార్లు పడితే చెయ్యి బాగా వాచి నొప్పి పెడుతుంది. అందుకే ఆ రెండూ ఉన్న డీపీటీ తేదీలు జాగ్రత్తగా దాచుకోవాలి. మన డీపీటీ అక్కడ పూర్తిగా చెల్లుతుంది. 5–6 ఏళ్ల బూస్టరును మాత్రం మనవాళ్లు ఎక్కువగా మరిచిపోతారు.

బీసీజీది వేరే దారి. అమెరికా దీన్ని పిల్లలందరికీ వేయదు. బ్రిటన్ బడిపిల్లలందరికీ వేయడం 2005లో మానేసింది గాని, తల్లిదండ్రులో తాతలో క్షయ ఎక్కువగా ఉన్న దేశంలో పుట్టి ఉంటే ఆ ఇంటి పసిబిడ్డకు ఇప్పటికీ వేస్తుంది. లండన్‌లో పుట్టిన తెలుగు పాప ఎడమ జబ్బ మీద కూడా అందుకే ఆ మచ్చ కనిపిస్తుంది. చిక్కల్లా క్షయ పరీక్షతో వస్తుంది. చర్మం పొరల్లోకి మందు ఎక్కించి వాపు కొలిచే మాంటూ పరీక్ష బీసీజీ వేసుకున్న బిడ్డలో కూడా పాజిటివ్ చూపించవచ్చు. అలాంటప్పుడు ఇగ్రా అనే రక్తపరీక్ష అడగాలి. బీసీజీలో లేని, క్షయ బ్యాక్టీరియాలో ఉన్న ప్రోటీన్లతో ఆ పరీక్ష చేస్తారు కాబట్టి టీకా దాన్ని తప్పుదారి పట్టించలేదు. వలస వీసాకు వెళ్లే 2–14 ఏళ్ల మన పిల్లలకు అమెరికా చేయించేది ఇదే. ఇందులో పాజిటివ్ వస్తే ‘బీసీజీ వల్లలే’ అని కొట్టిపారేయకూడదు. నిద్రాణంగా ఉన్న క్షయను మందులతో అప్పుడే వదిలించుకోవచ్చు.

ఇంత శాస్త్రం తెలిసినా ఒక్కోసారి కాగితం దగ్గర బండి ఆగిపోతుంది. తేదీ లేని టీకా అక్కడ టీకా కాదు, ‘అన్నీ వేయించామండీ’ అన్న తల్లి మాట సాక్ష్యానికి పనికిరాదు. ఉదాహరణకు 2021 ఆగస్టు 20న పుట్టిన పాపకు 2022 సెప్టెంబరు 5న ఎంఎంఆర్ వేశారనుకుందాం. మన డాక్టరు 05/09/2022 అని రాస్తారు. అమెరికాలో ముందు నెల, తర్వాత రోజు రాస్తారు గనుక నర్సు దాన్ని మే 9 అని చదువుతుంది. ఆ లెక్కన పాపకు అప్పటికి ఎనిమిదిన్నర నెలలే. సరైన వయసులో వేసిన డోసు ఒక్క గీత మీద కొట్టుకుపోతుంది. నెలను అక్షరాల్లో రాయించుకుంటే ఈ బాధ లేదు.

పేరుదీ అలాంటి చిక్కే. ప్రసవమైన రోజున తెరిచిన కార్డు మీద ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరు ఉంటుంది, పాస్‌పోర్టులో నామకరణం నాటి పేరు ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు, ఇంకోచోట పూర్తిగా చివర. ఇద్దరూ ఒకే బిడ్డ అని అక్కడివాళ్లకు ఎలా తెలుస్తుంది? పాస్‌పోర్టు పేరు, పుట్టిన తేదీ వేసి, ప్రతి టీకా తేదీతో సహా ఇంగ్లిషులో టైపు చేసి సంతకం, ముద్ర వేసిన పత్రం పిల్లల డాక్టరు దగ్గర తీసుకోవాలి. ఈజీసిక్స్, హెక్సాక్సిమ్ వంటి కంపెనీ పేర్లున్న చోట అందులో ఏయే టీకాలు కలిసి ఉన్నాయో విడివిడిగా రాయించాలి. సర్కారు దవాఖానాల్లో వేసినవి యూ-విన్‌లో నమోదై ఉంటే ఆ సర్టిఫికెట్ కూడా దించుకోవాలి. పాత కార్డును మాత్రం పారేయకండి.

హెచ్-4 వీసాకు టీకాలు అడగరు, గ్రీన్‌కార్డు దారిలో వెళ్లేవాళ్లకు 1996 చట్టం నుంచి తప్పనిసరి. కానీ వీసా ఏదైనా బడి అడుగుతుంది. ఆ అధికారం పాతదే, 1922లో టెక్సాస్‌లోని సాన్ ఆంటోనియో నుంచి వెళ్లిన కేసులోనే అమెరికా సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. జర్మనీలో 2020 మార్చి నుంచి తట్టు టీకా రుజువు లేనిదే కిండర్‌గార్టెన్‌లో చేర్చుకోరు. సింగపూర్ 2019 నుంచి విదేశాల్లో పుట్టిన చిన్నపిల్లలకు దీర్ఘకాలిక పాసు దరఖాస్తుకు ముందే తట్టు, కంఠసర్పి టీకాలు సరిచూస్తోంది. ఆస్ట్రేలియాలో జాతీయ రిజిస్టరులో ఎక్కించుకోకపోతే కుటుంబ సాయం సొమ్ము తగ్గుతుంది. ఉగాండా, నైజీరియా వైపు వెళ్లేవాళ్లకు పచ్చజ్వరం టీకా కావాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎంలో వేస్తారు. పది రోజులు గడిచాకే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది, తర్వాత జీవితాంతం పనికొస్తుంది. అదీ ప్రాణమున్న టీకానే కాబట్టి ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలతో ఎలా కలపాలో డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. ప్రాణమున్న సూదిమందులు రెండు ఒకే రోజు పడకపోతే మధ్యలో కనీసం 28 రోజులుండాలి.

హెపటైటిస్-ఎ రెండు డోసుల మధ్య ఆరు నెలలు, ఆటలమ్మ రెండు డోసుల మధ్య మూడు నెలలు పడుతుంది గనుక, ప్రయాణం ఖాయమైన రోజే డాక్టరును కలవడం మంచిది. అన్నీ ఇక్కడే పూర్తికాకపోయినా కంగారు అక్కర్లేదు. అడిగిన ప్రతి టీకాలో కనీసం ఒక డోసు పడి, మిగతావి గడువు ప్రకారం వేయిస్తుంటే టెక్సాస్ బడి తాత్కాలికంగా చేర్చుకుంటుంది.

అక్కడ స్థిరపడిన కుటుంబాలు సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడే ఎక్కువ ఏమరుపాటుగా ఉంటాయి. సొంత ఊరికి కూడా టీకాలా అనుకుంటారు. అమెరికాలో టైఫాయిడ్‌తో ఆసుపత్రికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది దక్షిణాసియాకు వెళ్లి వచ్చినవాళ్లే. అక్కడ దొరికే టైఫాయిడ్ సూది రెండేళ్లు నిండితేనే వేస్తారు. ఎందుకంటే అందులో ఉండేది బ్యాక్టీరియా పైపొరలోని చక్కెర పదార్థమే, పసిపిల్లల రోగనిరోధక వ్యవస్థ దాన్ని సరిగా పట్టించుకోదు. ఆ చక్కెరను ఒక ప్రోటీన్‌కు జతచేస్తే ఆరు నెలల బిడ్డ కూడా గుర్తుపడుతుంది. అలా తయారైన టైప్‌బార్ టీసీవీ హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌ది. రెండేళ్లలోపు పిల్లలతో వచ్చేవాళ్లు ఇక్కడ దిగగానే పిల్లల డాక్టరు దగ్గర దాని గురించి అడగాలి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి, ఆ రెండు వారాలూ బిడ్డకు కాచి చల్లార్చిన నీళ్లే పట్టాలి.